షుల్జ్ అనే ఇంటిపేరు – సంఘచరిత్ర విద్యార్థికి ఒక పాఠం

తెలుగు క్రైస్తవ సాహిత్య చరిత్రలో విద్యార్థికి మొదట ఎదురయ్యే విదేశీ పేర్లలో షుల్జ్ ఒకటి. జర్మనీలో ఇది చాలా సాధారణమైన ఇంటిపేరు. పూర్వం అక్కడ ప్రభువు తరఫున గ్రామస్థుల నుండి పన్నులు వసూలు చేసే గ్రామాధికారిని షుల్ట్‌హైస్ అనేవారు. ఆ మాట నుండే ఈ ఇంటిపేరు పుట్టింది. 1984లో ప్రభుత్వం రద్దు చేసేవరకు మన పల్లెల్లో ఉన్న మునసబు ఉద్యోగం వంటిదే అది. ఊరికొక మునసబు ఉన్నట్లే ఊరికొక షుల్జ్ ఉండేవాడు. కనుక ఇంటిపేరు కలిసినంత మాత్రాన బంధుత్వం ఉన్నదని తలంచరాదు.

మనకు ముఖ్యుడైన బెంజమిన్ షుల్జ్ 1689లో జన్మించారు. జీగెన్‌బాల్గ్ మరణించిన 1719లోనే తరంగంబాడి చేరి, ఆయన విడిచిపోయిన తమిళ పాత నిబంధన అనువాదాన్ని పూర్తిచేశారు. 1726లో మద్రాసుకు వచ్చి తెలుగు నేర్చుకొన్నారు. తెలుగు వ్యాకరణం వ్రాశారు, బైబిలును తెలుగులోనికి అనువదించారు. 1743లో స్వదేశానికి వెళ్లి, హాలే పట్టణంలో తెలుగు అక్షరాలతో చిన్న గ్రంథాలు అచ్చువేయించారు. అయితే ఆయన తెలుగు బైబిలు మాత్రం అచ్చుకు నోచుకోలేదు. తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో ముద్రితమయ్యాయి. అవి డెగ్రాంజెస్, ఆనందరాయర్‌ల కృషి ఫలితం.

బెంజమిన్ షుల్జ్ 1760లో హాలేలో మరణించారు. అదే పట్టణంలో యూదుల మధ్య సువార్త సేవకై ఏర్పడిన సంస్థకు అదే ఏట స్టీఫన్ షుల్జ్ (1714–1776) అధిపతి అయ్యారు. ఊరు ఒకటే, ఏడు ఒకటే, ఇంటిపేరూ ఒకటే. మొదటి పేరు విడిచి చదివే విద్యార్థి ఈ ఇద్దరినీ ఒక్కరిగా పొరబడే అవకాశముంది.

ఈ చిక్కును గుర్తించిన షుల్జ్ ఒకరున్నారు. 1848లో ప్రష్యా శాసనసభలో షుల్జ్‌లు పలువురు ఉండగా, హెర్మన్ షుల్జ్ (1808–1883) తన ఊరి పేరు చేర్చుకొని షుల్జ్-డెలిచ్ అయ్యారు. చేతిపనివారి కోసం ఆయన స్థాపించిన పరపతి సంఘాల పద్ధతిని, రైఫైజెన్ పద్ధతితోపాటు, మద్రాసు ప్రభుత్వం పక్షాన ఫ్రెడరిక్ నికల్సన్ పరిశీలించారు. 1904 నాటి సహకార చట్టానికి అది దారితీసింది. సికింద్రాబాదు వీధుల్లో కనబడే సహకార బ్యాంకు బోర్డు వెనుక ఆ షుల్జ్ కృషి కూడా ఉన్నది.

మన సంఘాలలో యోహానులు, దావీదులు, మరియమ్మలు ఎందరో! తండ్రి పేరు, ఊరు, సంవత్సరం లేకుండా బాప్తిస్మపు రిజిస్టరులో ఒట్టి పేరు వ్రాస్తే, రేపటి చరిత్రకారుడు వారిని ఎలా గుర్తించగలడు? ఆనందరాయర్ పేరు నిలిచింది గనుకనే ఆయన సేవను నేడు స్మరిస్తున్నాము. బెంజమిన్ షుల్జ్‌కు తెలుగు నేర్పినవారి పేర్లు మన పాఠ్యగ్రంథాలలో సాధారణంగా కనబడవు. మన సంఘపెద్దలకు, బైబిలు స్త్రీలకు ఆ గతి పట్టకుండా చూడటం పాస్టర్ల బాధ్యత. పేరు పూర్తిగా వ్రాయటం చిన్న పనే, అయినా సంఘచరిత్రకు అదే పునాది.