మధుమేహ నిర్ధారణ అనంతర జీవనం

మధుమేహ నిర్ధారణ అనంతర జీవనం అనగా మధుమేహం (చక్కెర వ్యాధి) ఉన్నట్లు కొత్తగా తేలిన వ్యక్తి తన ఆహారాన్ని, శ్రమను, మందుల వేళలను, పండుగలను, వ్రతాలను ఆ వ్యాధికి అనుగుణంగా మార్చుకొనే క్రమం. తెలుగునాట వాడుకలో ఈ వ్యాధిని "షుగరు" అంటారు. వ్యాధి చికిత్సా సూత్రాలు ప్రపంచమంతటా ఒక్కటే అయినప్పటికీ, వాటిని ఆచరించవలసిన కంచము, నేల, ఎండ, జాతర మాత్రం ప్రాంతాన్ని బట్టి మారుతాయి. ఈ వ్యాసంలో తెలంగాణలోని వరంగల్, హనుమకొండ పరిసరాల జీవనం దృష్టాంతంగా తీసుకొనబడినది.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనాల ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందుదశ ఉన్నాయి.

నిర్ధారణ

పరగడుపున రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉన్నా, 75 గ్రాముల గ్లూకోజు త్రాగిన రెండు గంటలకు 200 గాని అంతకు మించి గాని ఉన్నా, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గాని అంతకు మించి గాని ఉన్నా మధుమేహంగా పరిగణిస్తారు. లక్షణాలేవీ లేనప్పుడు ఒక్క ఫలితంతో నిర్ణయించక మరొక పరీక్షతో ధ్రువపరచుకోవాలి. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటును తెలుపుతుంది. అయితే రక్తహీనత ఉన్నవారిలో ఈ అంకె తప్పుదోవ పట్టించవచ్చును. మన ప్రాంత స్త్రీలలో రక్తహీనత విస్తారంగా ఉన్నందున ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

రెండవ రకం మధుమేహం చాలామందిలో అనుకోకుండా బయటపడుతుంది. కంటి శుక్లాల శస్త్రచికిత్సకు ముందు చేసే పరీక్షలోనో, కాలి పుండు ఎంతకూ మానకపోవడం వలననో తెలుస్తుంది. అప్పటికే వ్యాధి కొన్ని సంవత్సరాలుగా లోలోపల ఉండి ఉండవచ్చును. పిల్లలలో, యువకులలో ఎక్కువగా కనిపించే మొదటి రకం ఇలా కాదు. అతిదాహం, అతిమూత్రం, బరువు తగ్గడం కొద్ది వారాలలోనే కనిపిస్తాయి. వీరికి మొదటి రోజు నుండి ఇన్సులిన్ తప్పనిసరి, దానిని మానివేయడం ప్రాణాంతకం.

మొదటి వారాలు

నిర్ధారణ తరువాతి మొదటి వారాలలో రెండు విరుద్ధ ధోరణులు కనిపిస్తాయి. కొందరు "నాకు ఏ బాధా లేదు" అని కాగితాలను బీరువాలో పెట్టివేస్తారు. మరికొందరు అన్నం పూర్తిగా మానివేసి, రోజుకు ఐదారుసార్లు వేలు గుచ్చుకొని, నెల తిరగకముందే విసిగి మునుపటి అలవాట్లకు మరలుతారు. రెండవ ధోరణి పైకి శ్రద్ధగా కనిపించినా ఫలితంలో మొదటి దానికి పెద్దగా భిన్నం కాదు. మధుమేహం ఉన్నవారిలో మానసిక కుంగుబాటు ఇతరులలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే ఆ సంగతి కూడా వైద్యునికి చెప్పవలసినదే.

"ఒకసారి మాత్ర మొదలుపెడితే ఇక వదలదు" అన్న భయంతో మందు వాయిదా వేయడం సర్వసాధారణం. నిజానికి వదలనిది వ్యాధి, మాత్ర కాదు. 2017లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ డైరెక్ట్ అధ్యయనంలో, వ్యాధి వచ్చి ఆరేళ్ళు మించని స్థూలకాయులకు వైద్య పర్యవేక్షణలో గణనీయంగా బరువు తగ్గించినపుడు, ఏడాది తరువాత దాదాపు సగంమందిలో మందులు లేకుండానే గ్లూకోజు మధుమేహ స్థాయికి దిగువకు వచ్చింది. దీనిని ఉపశమనం అంటారు గాని నయమగుట అనరు, ఎందుకంటే బరువు తిరిగి పెరిగితే వ్యాధి కూడా తిరిగి వస్తుంది. మొదటి సంవత్సరాలలో చేసిన మార్పుకు విలువ ఎక్కువ అన్నది దీని సారాంశం.

కంచంలో మార్పు

వరంగల్ ప్రాంతంలో రెండు పూటలా అన్నమే ప్రధానాహారం. మానవలసినది చక్కెర మాత్రమేనని, అన్నం తీపి కాదు కనుక ఇబ్బంది లేదని పలువురు భావిస్తారు. జీర్ణమైన తరువాత అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజుగానే రక్తంలో చేరుతుంది. సంక్రాంతి సకినాల విషయమూ ఇంతే. తీపి లేకపోయినా అవి బియ్యప్పిండితో చేసి నూనెలో వేయించినవి.

దీనికి వ్యతిరేకమైన అపోహ జొన్నరొట్టె గురించినది. జొన్న మంచి ధాన్యమే. పీచు ఎక్కువ, నమిలి తినాలి కనుక త్వరగా కడుపు నిండినట్లు ఉంటుంది. కాని అన్నం బదులు నాలుగు రొట్టెలు తిన్నవారికి పిండిపదార్థం తగ్గినట్లు కాదు. రాగిజావ విషయం మరీ విచిత్రం. మెత్తని పిండిని పలుచగా కాచి త్రాగడం వలన అది త్వరగా జీర్ణమై గ్లూకోజును వేగంగా పెంచుతుంది, అయినా షుగరుకు మందులాగా దానిని సలహా ఇచ్చేవారు వీధికొకరు ఉన్నారు. 2025లో వెలువడిన ఇండియాబ్ ఆహార విశ్లేషణ ప్రకారం భారతీయులకు శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుండే లభిస్తున్నది. మొత్తం పిండిపదార్థాన్ని తగ్గించకుండా తెల్లబియ్యం బదులు గోధుమ లేదా చిరుధాన్యాల పిండి వాడినంత మాత్రాన ముప్పు తగ్గలేదు. దానిలో కొంత భాగాన్ని పప్పులు, పాల ఉత్పత్తుల వంటి మాంసకృత్తులతో భర్తీ చేయడం మేలుగా కనిపించింది.

కనుక ఆచరణలో తేలికైన మార్గం కంచాన్ని తిరగవేయడం. సగం కూర, ఆకుకూర. పావు వంతు పప్పు, గుడ్డు లేదా చేప. మిగిలిన పావు వంతు అన్నం లేదా రొట్టె. అన్నంలో కొద్దిగా కూర కలుపుకొనేవారికి ఇది అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. బియ్యం రకాన్ని మార్చుకోదలచిన వారికి రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) అందుబాటులో ఉన్నది. దీని గ్లైసీమిక్ సూచిక సుమారు 51 అని ప్రకటించారు. సూచిక తక్కువ అన్న ధీమాతో రెట్టింపు తింటే ఆ లాభం మిగలదు.

చాయ్ లెక్క వేరుగా చెప్పుకోవాలి. కప్పుకు రెండు చెంచాల చక్కెర చొప్పున రోజుకు ఐదు కప్పులు త్రాగేవారు పది చెంచాలు, అనగా దాదాపు 40 నుండి 50 గ్రాముల చక్కెర తీసుకొంటున్నారు. తొలి నెలలో ఇది ఒక్కటి మానినా తేడా కొలతలో కనిపిస్తుంది.

నడక, పాదాలు

వారానికి 150 నిమిషాల చురుకైన నడక సాధారణ సిఫారసు. ఉదయపు వేళ భద్రకాళి, వడ్డేపల్లి చెరువు కట్టల మీద నడిచేవారు నిత్యం కనిపిస్తారు. వేసవిలో పది గంటలకే ఎండ ముదురుతుంది కనుక తెల్లవారుజామున గాని భోజనం తరువాత సాయంత్రం గాని నడవడం మంచిది. భోజనానంతరం పదిహేను నిమిషాల నడక ఆ పూట గ్లూకోజు పెరుగుదలను తగ్గిస్తుంది.

పాదాల సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. మధుమేహం వలన నరాలు దెబ్బతిని పాదాలలో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా తెలియదు. రక్తప్రసరణ కూడా తగ్గితే ఆ చిన్న గాయమే పుండై, చివరకు వేలు లేదా కాలు తీసివేయవలసిన స్థితి రావచ్చును. వట్టికాళ్ళతో వరినాట్లు వేసేవారు, పత్తిచేలలో పనిచేసేవారు ఈ ప్రాంతంలో అనేకులు. రోజూ రాత్రి పాదాలను, వేళ్ళ సందులను చూసుకోవడం, వంగలేనివారు అద్దంతో గాని ఇంట్లోవారితో గాని చూపించుకోవడం, ఆనెలను బ్లేడుతో కోసుకోకపోవడం అలవరచుకోవాలి.

దీక్షలు, ఉపవాసాలు, జాతరలు

అయ్యప్ప దీక్షలో 41 రోజులు పాదరక్షలు ధరించరు, పగలు ఒకపూట భిక్ష స్వీకరిస్తారు. కొత్తగా మధుమేహం తేలినవారికి ఇందులో రెండు ప్రమాదాలున్నవి. ఒకటి పాదాలకు గాయం. రెండవది, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు లేదా ఇన్సులిన్ తీసుకొంటూ భోజనం మానితే గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవడం. శివరాత్రి, శనివారపు ఉపవాసాలకు, రంజాను రోజాలకు ఈ రెండవ హెచ్చరిక వర్తిస్తుంది. దీక్ష మొదలు కావడానికి కొన్ని వారాల ముందే వైద్యుని కలిస్తే మందు మోతాదును, వేళలను మార్చే వీలుంటుంది. ఎండలో కాలిన గుడి ఆవరణ రాళ్ళ మీద మధ్యాహ్నం ప్రదక్షిణ చేయడం స్పర్శ తగ్గిన పాదాలకు తగదు.

ములుగు జిల్లా మేడారంలో రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో బెల్లాన్ని "బంగారం" అని పిలుస్తారు. నిలువెత్తు బంగారం తూచి మొక్కు చెల్లిస్తారు, ప్రసాదంగా పంచుతారు. మొక్కు చెల్లించడానికీ బెల్లం తినడానికీ ముడిపెట్టనవసరం లేదు. ప్రసాదం నాలుకకు తగిలించుకొని మిగిలినది ఇతరులకు పంచడం ఎందరో పాటించే పద్ధతి. బెల్లం చక్కెర కంటే సురక్షితమనే నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. బతుకమ్మ మలీదకు కూడా ఇదే వర్తిస్తుంది.

కల్లులో చక్కెర, మద్యం రెండూ ఉంటాయి. ఖాళీ కడుపున మద్యం గ్లూకోజును గంటల తరువాత కూడా పడగొట్టగలదు. ఆ మగతను మత్తుగా పొరబడే అవకాశం ఉన్నది.

మందులు, ఇన్సులిన్

రెండవ రకానికి సాధారణంగా మెట్‌ఫార్మిన్‌తో చికిత్స మొదలవుతుంది. మొదట్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు కలగవచ్చును. భోజనంతోపాటు తీసుకొంటే తగ్గుతాయి. గ్లూకోజు 70కి దిగువకు పడిపోతే చెమట, వణుకు, ఆకలి, తికమక కలుగుతాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగి, పదిహేను నిమిషాల తరువాత మరల పరీక్షించుకోవాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు, ఆసుపత్రికి తరలించాలి.

వాడని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనీయరాదు. వాడుకలో ఉన్న సీసాను 30 డిగ్రీలు దాటనీయకుండా సాధారణంగా నాలుగు వారాల వరకు ఉంచవచ్చును. వరంగల్ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. శీతల యంత్రం లేని ఇళ్ళలో తడి ఇసుకలో ఉంచిన మట్టికుండలో, నీరు తగలకుండా సీసాను పెట్టుకోవచ్చును.

మెంతుల ప్రభావాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1980లలో, 1990లలో అధ్యయనం చేసి కొంత ప్రయోజనం గుర్తించారు. మెంతులు, కాకరకాయ ఆహారంగా మంచివే గాని మందుకు బదులు కావు. పేరు లేని పొడులతో జాగ్రత్త అవసరం. అటువంటి కొన్నిటిలో అల్లోపతి మాత్రల పొడి కలిసినట్లు పరీక్షలలో తేలిన సందర్భాలున్నవి.

కుటుంబం

ఇంట్లో ఒకరికి వేరుగా వండడం ఎక్కువ కాలం సాగదు. వంట చేసే స్త్రీకే వ్యాధి వచ్చినపుడు ఆమె అందరికీ వడ్డించి, మిగిలిన అన్నం చారుతో తిని లేవడం తరచుగా జరిగేదే. రోగి పురుషుడైన ఇంట్లో కంచం మారినంత త్వరగా రోగి స్త్రీ అయిన ఇంట్లో మారదు. కుండలో బియ్యం తగ్గించి కూర పెంచితే ఇంటిల్లిపాదికీ మేలు, ఎందుకంటే తల్లిదండ్రులకు వ్యాధి ఉన్న పిల్లలకు ముప్పు అధికం. మొదటి రకం ఉన్న ఆడపిల్లల విషయంలో సంబంధాలు కుదరవని వ్యాధిని దాచడం, అందువలన ఇన్సులిన్ వేళలు తప్పడం మరొక చిక్కు. పాఠశాలలో కనీసం ఒక ఉపాధ్యాయునికైనా సంగతి తెలిసి ఉండాలి.

పరీక్షలు, వైద్య సదుపాయాలు

రెండవ రకం తేలిన వెంటనే కంటిపాప విప్పార్చి రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, కొలెస్టరాల్, పాదాల స్పర్శ పరీక్ష చేయించుకొని సాధారణంగా ఏడాదికొకసారి మరల చూపించుకోవాలి. కంటిచూపు బాగున్నంత మాత్రాన రెటీనా బాగున్నట్లు కాదు. హెచ్‌బీఏ1సీ మొదట్లో మూడు నెలలకొకసారి చేయిస్తారు. అనేకులకు లక్ష్యం 7 శాతం లోపు, వృద్ధులకు వైద్యుడు దీనిని సడలించవచ్చును. రక్తపోటు అదుపు, పొగ మానడం గ్లూకోజు అదుపుతో సమానమైనవి.

వరంగల్‌లోని మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి 1959లో స్థాపితమైన కాకతీయ వైద్య కళాశాలకు బోధనాసుపత్రి. 2010లో మొదలైన జాతీయ అసాంక్రమిక వ్యాధుల నియంత్రణ కార్యక్రమం క్రింద 30 ఏళ్ళు దాటినవారికి ఆరోగ్య ఉపకేంద్రాల స్థాయిలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంల ద్వారా రక్తపోటు, మధుమేహ పరీక్షలు జరుగుతాయి. పాత చీటీలను, పరీక్షా ఫలితాలను తేదీల వారీగా ఒకే సంచిలో దాచుకొని ప్రతిసారి తీసుకొని వెళ్తే, వైద్యుడు మారినా మోతాదుల చరిత్ర తెలుస్తుంది.