టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డు మోటారు నూనె

టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డు మోటారు అనగా పడవ వెనుక అంచుకు బయటివైపు బిగించి నడిపే పెట్రోలు ఇంజను. ఇంజను, గేర్లు, ప్రొపెల్లరు మూడూ కలిసి ఒకే యంత్రంగా ఉండటం వలన దీనిని సులభంగా బిగించవచ్చు, విప్పి ఒడ్డుకు చేర్చవచ్చు. ఈ ఇంజనుకు కందెన నూనె పెట్రోలుతో పాటే అందుతుంది. కనుక ఏ నూనె ఎంచుకున్నారు, ఎంత కలిపారు, కొత్త ఇంజనును తొలి పది గంటలు ఎలా నడిపారు అనే మూడు విషయాలపై దాని మన్నిక చాలావరకు ఆధారపడి ఉంటుంది. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాదు మండలాలలో రైతులు పైర్లకు మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లలో కూడా చాలావరకు ఇదే తరహా ఇంజను ఉంటుంది. అయితే దానికి వాడవలసిన నూనె వేరు. ఈ తేడాను కూడా ఈ వ్యాసంలో వివరించడమైనది.

చరిత్ర

స్కాట్లాండుకు చెందిన డగాల్డ్ క్లార్క్ 1881లో టూ-స్ట్రోక్ ఇంజనుకు పేటెంటు పొందాడు. క్రాంక్‌కేసునే పంపుగా వాడుకునే సరళమైన నమూనాకు 1891లో ఇంగ్లాండుకు చెందిన జోసెఫ్ డే పేటెంటు తీసుకున్నాడు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో తన ఔట్‌బోర్డు మోటార్లను అమ్మకానికి తెచ్చాడు. అతని పేరుతో వచ్చిన మోటార్ల తయారీ 2020లో నిలిచిపోయింది. కాలుష్య నిబంధనల కారణంగా అనేక దేశాలలో ఫోర్-స్ట్రోక్ మోటార్లు వీటి స్థానాన్ని ఆక్రమించాయి. అయినను తక్కువ బరువు, సులభమైన మరమ్మతు వలన పాత టూ-స్ట్రోక్ మోటార్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

పెట్రోలులో నూనె కలపడానికి కారణం

ఫోర్-స్ట్రోక్ ఇంజనులో నూనె అడుగు భాగంలో నిలువ ఉండి, మళ్లీ మళ్లీ తిరుగుతూ భాగాలను తడుపుతుంది. సాధారణ టూ-స్ట్రోక్ ఇంజనులో గాలి, పెట్రోలు మిశ్రమం ముందుగా క్రాంక్‌కేసులోకి వచ్చి, అక్కడి నుండి సిలిండరులోకి పోతుంది. అందువలన క్రాంక్‌కేసులో నూనెను నిలువ ఉంచడం సాధ్యం కాదు. పెట్రోలుతో వచ్చిన నూనె బేరింగులను, పిస్టనును, సిలిండరు గోడలను ఒక్కసారి తడిపి, తరువాత కాలిపోయి పొగతో బయటకు పోతుంది. నూనె కలపని పెట్రోలుతో నడిపితే కొద్ది నిమిషాలలోనే పిస్టను సిలిండరుకు పట్టేయవచ్చు. దీనినే మెకానిక్కులు ఇంజను సీజు కావడం అంటారు. నడి ప్రవాహంలో ఇలా జరిగితే పడవలోని వారి ప్రాణాలకే ముప్పు.

నూనె ఎంపిక

ఇంజనును నీరు చల్లబరుస్తుందా, గాలి చల్లబరుస్తుందా అన్నదానిని బట్టి నూనెను ఎంచుకోవాలి.

నీటితో చల్లబడే ఇంజన్లు: ఔట్‌బోర్డు మోటారు తాను నడిచే నీటినే పైకి తోడుకొని చల్లబడుతుంది. అందువలన దాని ఉష్ణోగ్రత తక్కువగా ఉంటుంది. దీనికి డబ్బాపై "టీసీ-డబ్ల్యూ3" అను గుర్తు ఉన్న నూనె వాడాలి. ఇది అమెరికాకు చెందిన నేషనల్ మెరైన్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ ప్రమాణం. ఈ నూనె కాలినపుడు లోహపు బూడిద మిగలదు. బూడిద మిగిల్చే నూనె వాడితే అది దహన గదిలో పేరుకొని, నిప్పుకణంలా ఎర్రబడి, ప్లగ్గు రవ్వ రాకముందే పెట్రోలును మండించవచ్చు. దీనివలన పిస్టనుకు రంధ్రం పడే ప్రమాదం ఉంది.

గాలితో చల్లబడే ఇంజన్లు: స్ప్రేయర్లు, గడ్డి కోసే యంత్రాలు, పాత స్కూటర్లు ఈ కోవకు చెందినవి. ఇవి ఎక్కువ వేడెక్కుతాయి. వీటికి జపాను ప్రమాణమైన "జాసో"లో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ శ్రేణి నూనె తగినది. ఎఫ్‌సీ పొగ తక్కువగా ఇస్తుంది. ఎఫ్‌డీ దానితో పాటు పిస్టనుపై మసి పేరుకోకుండా మరింత శుభ్రంగా ఉంచుతుంది.

కార్ల ఇంజన్లలో పోసే నూనెను ఈ రెండు రకాలలో దేనికీ వాడరాదు. అది పెట్రోలులో సరిగా కలవదు, శుభ్రంగా కాలదు.

కలిపే పాళ్లు

ఒక లీటరు పెట్రోలుకు కలపవలసిన నూనె:
* 100:1 పాళ్లలో 10 మి.లీ.
* 50:1 పాళ్లలో 20 మి.లీ.
* 25:1 పాళ్లలో 40 మి.లీ.

తయారీదారు పుస్తకంలో చెప్పిన పాళ్లనే పాటించాలి. నూనె తగ్గితే ఇంజను అరుగుతుంది. అవసరానికి మించితే ప్లగ్గు తడిసి, మసి పేరుకుంటుంది. అంతేకాక నూనె పెరిగిన మేరకు మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గి ఇంజను మరింత వేడెక్కవచ్చు.

నేడు భారతదేశంలో అమ్మే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు ఉంటుంది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాలు, నీరు కలిసి ట్యాంకు అడుగుకు చేరుతాయి. నూనె పైనున్న పెట్రోలులో ఉండిపోతుంది. అప్పుడు అడుగు నుండి ఇంజనుకు నూనె లేని ద్రవం అందుతుంది. కనుక మిశ్రమాన్ని అవసరమైనంతే కలిపి, మూత బిగించి, త్వరగా వాడుకోవాలి.

రన్నింగ్-ఇన్

కొత్త ఇంజనులో పిస్టను రింగులు, సిలిండరు గోడలు ఒకదానికొకటి ఒదిగే వరకు జాగ్రత్తగా నడపడాన్ని రన్నింగ్-ఇన్ అంటారు. పలు 50:1 మోటార్లకు ఈ కాలంలో నూనెను రెట్టింపు చేసి, అనగా 25:1 పాళ్లలో కలపాలని తయారీదారులు చెబుతారు. సాధారణంగా పాటించే పది గంటల క్రమం ఇది:
* మొదటి 10 నిమిషాలు: అతి తక్కువ వేగం.
* తరువాతి 50 నిమిషాలు: సగం థ్రాటిలు మించకుండా, నిమిషానికి సుమారు 3000 చుట్ల లోపు.
* రెండవ గంట: మూడు వంతుల థ్రాటిలు వరకు, వేగాన్ని మారుస్తూ.
* మిగిలిన 8 గంటలు: పూర్తి వేగంతో ఒకేసారి 5 నిమిషాలకు మించి నడపరాదు.

ఇంజనును గంటల తరబడి ఒకే వేగంతో నడపడం, బరువు లేకుండా ఊరకే తిప్పడం మంచిది కాదు. రింగులు ఒదగాలంటే కొంత భారం అవసరం. మోటారును నీటిలో ముంచకుండా నడపరాదు. చల్లబరిచే నీటి ధార బయటకు వస్తున్నదో లేదో గమనిస్తూ ఉండాలి. పది గంటల తరువాత గేరు నూనెను మార్చి, పెట్రోలు మిశ్రమాన్ని మామూలు పాళ్లకు తేవాలి.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతంలో

ఈ మండలాలలో కూరగాయలు, పూల సాగు విస్తారంగా ఉంది. రైతులు వీపున తగిలించుకునే పెట్రోలు స్ప్రేయరును వాడుకలో తైవాన్ స్ప్రేయరు అంటారు. దీని ఇంజను గాలితో చల్లబడుతుంది. కాబట్టి పడవల కోసం తయారైన టీసీ-డబ్ల్యూ3 నూనె దీనికి సరిపోదు. ఆ వేడికి రింగులు మసితో బిగుసుకుపోతాయి. ఫోర్-స్ట్రోక్ స్ప్రేయర్లు కూడా ఉన్నాయి. వాటి పెట్రోలులో నూనె కలపరాదు. కొనేటప్పుడే ఇది ఏ రకమో తెలుసుకోవాలి.

ఈ ప్రాంతానికి నూనె విషయంలో మరొక బాధ్యత కూడా ఉంది. 1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) హైదరాబాదుకు తాగునీరు ఇచ్చే జలాశయాలు. వీటి రక్షణకై 1996 మార్చి 8న వెలువడిన 111వ ప్రభుత్వ ఉత్తర్వు పరిధిలోకి మొయినాబాదు, చేవెళ్ల సహా పలు మండలాలలోని 84 గ్రామాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో 69వ ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించినా, జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినరాదని షరతు పెట్టింది.

కార్బొరేటరు గల టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డు మోటారులో సుమారు నాలుగో వంతు వరకు ఇంధనం, అందులోని నూనెతో సహా, కాలకుండానే నీటిలోకి పోతుంది. ఈ కారణంగానే అమెరికాలోని టాహో సరస్సులో 1999 నుండి ఇటువంటి మోటార్లను నిషేధించారు. తాగునీటి జలాశయాలలో ఫోర్-స్ట్రోక్ లేదా విద్యుత్ మోటార్లు మేలు. పొలంలోనైనా మిగిలిన నూనె మిశ్రమాన్ని కాలువలోనో చెరువు గట్టునో పారబోయరాదు. వాన పడితే అది చేరేది నీటిలోకే.

ఇవి కూడా చూడండి
* అంతర్దహన యంత్రం
* కందెన
* ఉస్మాన్‌సాగర్
* హిమాయత్‌సాగర్
* చేవెళ్ల
* మొయినాబాదు