గ్రామఫోనులో కమాను ఎవరిది?

కిందటిసారి తెనాలి వెళ్ళినప్పుడు మా తాతగారి గ్రామఫోను వెంట తెచ్చుకున్నాను. సూట్‌కేసులా మూతపడే పెట్టె. కీ ఎంత ఇచ్చినా బిగియలేదు. లోపల కమాను, అంటే స్ప్రింగు, తెగిపోయింది. తాతగారు ఎప్పుడూ దాన్ని "హెచ్.ఎం.వి." అనేవారు కనుక నేనూ అదే పేరు చెప్పి కొత్త కమాను తెప్పించాను. అది డబ్బాలో పట్టనే లేదు. పంపినవారి తప్పేమీ లేదు. రోగిని చూడకుండా మందు రాసిన తప్పు నాదే. అప్పుడు గాని మోటారు విప్పి చూడలేదు. నాకు తెలిసివచ్చిన నాలుగు మాటలు మన సభ్యులతో పంచుకుంటాను.

ఎడిసన్ 1877లో చేసిన ఫోనోగ్రాఫును చేత్తో తిప్పేవారు. బెర్లినర్ 1887లో పేటెంటు కోరిన గ్రామఫోనూ మొదట అంతే. చెయ్యి అలిసిందంటే గొంతు జారిపోయేది. మనమంతా కాపురముంటున్న ఈ న్యూజెర్సీలోనే, కామ్‌డెన్‌లో, చిన్న యంత్రాల షాపు నడుపుతున్న ఎల్డ్రిడ్జ్ జాన్సన్ 1896లో బెర్లినర్ యంత్రానికి కమాను మోటారు తయారుచేశాడు. 1901లో విక్టర్ కంపెనీ స్థాపించినది ఈయనే. మనం చిన్నప్పుడు చూసిన కుక్క బొమ్మలోని గ్రామఫోను కూడా ఆయన మోటారుతో నడిచిన రకమే. ఎడిసన్ యంత్రాలలో చిన్నదైన 'జెమ్'కు ఒకే కమాను. పెద్దదైన 'ట్రయంఫ్'కు మూడు.

కమాను బలం ఎప్పుడూ ఒకేలా ఉండదు. కీ నిండుగా ఉన్నప్పుడు ఎక్కువ, అయిపోతున్న కొద్దీ తక్కువ. దీన్ని అదుపులో పెట్టేది గవర్నరు. సన్నని రేకులకు బిగించిన మూడు చిన్న బరువులు గిర్రున తిరుగుతాయి. వేగం పెరిగితే అవి బయటికి ఉబికి ఒక బిళ్ళను లాగుతాయి. అది తోలు ముక్కకు ఒరుసుకుని వేగం తగ్గుతుంది.

పెద్ద కంపెనీలు చాలావరకు మోటార్లు సొంతంగా చేసుకున్నాయి. పెట్టెలు మాత్రమే చేసే చిన్నవారు బయట కొనేవారు. ఇంగ్లండులో గ్యారార్డ్, స్విట్జర్లాండులో థోరెన్స్, పయార్, అమెరికాలో హైన్‌మాన్ ఇలా మోటార్లు అమ్మినవారే. అందుచేత మూతమీద పేరు అమ్మినవాడిది కావచ్చు, మోటారు చేసినవాడిది కాకపోవచ్చు. మా పెట్టెలో తేలినది థోరెన్స్ మోటారు!

గుర్తుపట్టాలంటే ముందు మోటారు పలకమీద అచ్చువేసిన పేరు, నంబరు చూడండి. లేకపోతే కమాను డబ్బాలు ఎన్ని, పలక పోతపోసినదా, రేకు కొట్టినదా, గవర్నరు అడ్డంగా ఉందా, నిలువుగా ఉందా, కీ మరలా బిగుస్తుందా, గాడిలో పడుతుందా, ఇవన్నీ రాసుకోండి. కమాను తెప్పించేముందు వెడల్పు, మందం, పొడవు, చివరనున్న రంధ్రం ఆకారం కొలవండి. విప్పేముందు కీ పూర్తిగా దిగిపోయిందని నిశ్చయం చేసుకోండి. బిగిసి ఉన్న కమాను ఒక్కసారిగా విడితే వేళ్ళు తెగుతాయి, డాక్టరుగా చెబుతున్నాను.

ఇంత శ్రమ దేనికంటారా? సరైన కమాను వేశాక తాతగారి నాటక పద్యాల ప్లేటు పెట్టాను. మా దగ్గరికి వచ్చిఉన్న అమ్మ కాసేపు విని, "ఈయన శ్రుతి ఇంత పైన ఉండదురా, ఎవరో కుర్రాడు పాడుతున్నట్టుంది" అంది. నేను నమ్మలేదు. ప్లేటు అంచున కాగితం ముక్క పెట్టి, నాడి చూసినట్టు గడియారం ముందు ఒక నిమిషం లెక్కపెట్టాను. 78 తిరగవలసినది 83 తిరుగుతోంది! ఆ తేడాకు శ్రుతి అర స్వరం పైకి పోతుంది. గవర్నరు మర కొంచెం తిప్పి మళ్ళీ లెక్కపెట్టాను. ఈసారి అమ్మ ఏమీ అనలేదు. పద్యం అయ్యేదాకా కళ్ళు మూసుకుని విన్నది.

ఆ గాయకుల్లో చాలామంది గొంతు ఈ ప్లేట్లలో తప్ప మరెక్కడా లేదు. మీ ఇంటి అటకమీద ఇటువంటి పెట్టె ఉంటే పారవేయకండి, తొందరపడి కరెంటు మోటారూ పెట్టించకండి. ముందు విప్పి, లోపల ఎవరి మోటారు ఉందో చూడండి.