టాంగా పరాజయము: బాధ్యత యెవరిది?

1914 నవంబరు మొదటివారమున జర్మను తూర్పు ఆఫ్రికా తీరమునందలి టాంగా రేవుకడ బ్రిటిషు భారతసేన పొందిన పరాభవమును గూర్చి వ్రాసినవారిలో పెక్కురు దోషమును సిపాయిలమీదికి నెట్టిరి. మద్రాసుసేనకు చెందిన 63వ పాళయంకోట పదాతిదళము చెదరిపోవుటచేతనే యుద్ధము చెడినదను మాట చిరకాలము వాడుకలో నుండెను. జరిగిన సంగతులను దినక్రమమున విచారించినచో నీ మాట నిలువదు.

దండయాత్రను సంకల్పించినది లండనునందలి అధికారులు. సేనను సమకూర్చి పంపినది ఇండియా ఆఫీసును, భారతప్రభుత్వమును. సుమారు 8,000 మందితో గూడిన 'బి' దళము మేజర్ జనరల్ ఐట్కెన్ నాయకత్వమున 1914 అక్టోబరు 16వ తేదీని బొంబాయి విడిచెను. అందు లాంకషైరు తెల్లసిపాయిలు, రాజపుత్రులు, కాశ్మీరదళములు, గ్రెనేడియర్లు కలరు. మద్రాసుసేన సంతతియగు 61వ పయొనీర్లును, నిజాము రాజ్యమునందలి పూర్వపు హైదరాబాదు కంటింజెంటునుండి యేర్పడిన 98వ దళమును గూడ కలవు. వీరిలో పెక్కుదళములు అంతకుముందు కలిసి యుద్ధాభ్యాసము చేసినవి కావు. కొందఱికి క్రొత్తతుపాకులు ప్రయాణమునకు కొంచెము ముందుగా మాత్రమే చేతికి వచ్చెను. ఇట్టి సేనను ఇఱుకు ఓడలలో రెండువారములకు పైగా నుంచి, నేల యెట్టిదో యెఱుగని తీరమున దింపదలచిరి.

అసలు తప్పు నవంబరు 2వ తేదీ ఉదయమున జరిగెను. యుద్ధారంభమున నౌకాధికారులకును స్థానిక జర్మను అధికారులకును ఈ రేవులవిషయమై యొక తాత్కాలికపు ఒడంబడిక కుదిరియుండెను. దానిని బ్రిటిషు నౌకాశాఖ అంగీకరింపలేదు. అయినను 'ఫాక్స్' యుద్ధనౌకాధిపతి కాల్ఫీల్డు, తెలుపక దాడిచేయుట తగదని తలచి, టాంగా జిల్లాధికారి ఔరాఖరును పిలిపించి, గంటలోపల పట్టణము వశము చేయవలెనని హెచ్చరించెను. ధర్మయుద్ధమని దీనిని మెచ్చువారుందురేమో. గంట గడచెను; ప్రత్యుత్తరము రాలేదు; సేన మాత్రము దిగలేదు. రేవులో మైనులు లేకున్నను, ఉన్నవేమోయను భయముచే కాలము వ్యర్థమయ్యెను. ఈ హెచ్చరికకు ఐట్కెనుగూడ మొంబాసాలోనే సమ్మతించియుండెను. కావున కాల్ఫీల్డు నొక్కనిని నిందించుట న్యాయము కాదు.

ఈ జాగునందే జర్మను సేనాని లెట్టో-ఫోర్బెక్ మోషీనుండి సుమారు 350 కిలోమీటర్ల యినుపదారిమీద తన కంపెనీలను ఒకటొకటిగా దింపుకొనెను. నవంబరు 3వ తేదీ వేకువను 13వ రాజపుత్రులు, 61వ పయొనీర్లు మాత్రమే ముందుకు నడిచి, దాదాపు 300 మందిని కోల్పోయి వెనుదిరిగిరి. శూరజాతులు, శూరేతరజాతులు అను విభాగమును నమ్మినవారు ఈ దినమును మఱచిపోయిరి. శూరులలో లెక్కింపబడిన రాజపుత్రులును, అట్లు లెక్కింపబడని మద్రాసువారును ఒక్క పొలమున ఒక్క కాల్పులయెదుట ఒక్కతీరుననే వెనుకకు తగ్గిరి.

నవంబరు 4వ తేదీ మధ్యాహ్నము సేన యంతయు కదలెను. ముందు వేగులవారిని పంపలేదు. పర్వతఫిరంగులను ఒడ్డునకు దింపక ఓడమీదనుండియే కాల్పించిరి. దట్టమైన పొదలలో గుఱి కానరాదు. రబ్బరుతోటలలో, మిట్టయెండలో, దాహముతో నడచిన 63వ దళము మరతుపాకుల వాతబడి చెదరెను. ఆ యెడమున 101వ గ్రెనేడియర్ల ప్రక్క బయలుపడగా, సాయంకాలము లెట్టో ఆ వైపుననే కొట్టెను. మఱియొకవంక కాశ్మీరదళములు, లాంకషైరువారు పట్టణవీథులలో చొచ్చిరి కాని వారికి అండ లేకపోయెను. తుపాకిగుండ్లచే రేగిన తేనెటీగలు ఇరువాగులవారిని కుట్టెను. బ్రిటిషు పత్రికలు వీనినిగూర్చి వ్రాసినంతగా సేనానుల తప్పులను గూర్చి వ్రాయలేదు.

ఆ రాత్రి జరిగిన సంగతి తీర్పునకు ముఖ్యమైనది. కొమ్మునాదమును జర్మను దళములు తప్పుగా గ్రహించి పట్టణమును విడిచి పడమరగానున్న తమ విడిదికి పోయెను. కొన్నిగంటలపాటు టాంగా శూన్యముగా నుండెను. ఏ సేనానియైనను నలుగురు వేగులను పంపియుండినయెడల పోరు లేకయే పట్టణము దొరకియుండెడిది. ఐట్కెన్ పంపలేదు; మఱునాడు మరల ఓడలెక్కుటకు ఆజ్ఞాపించెను. వేయిమందికి కొంచెము మించిన శత్రువులయెదుట ఎనిమిదివేలమంది సేన వెనుదిరిగెను. అధికారలెక్కల ప్రకారము బ్రిటిషువారి నష్టము 817 మంది. అందు మృతులు 359. ఒడ్డున విడిచిన తుపాకులతో మూడు కంపెనీలను సాయుధము చేసితిననియు, ఆఱులక్షల తూటాలు దొరకెననియు లెట్టో తన స్మృతులలో వ్రాసికొనెను.

ఈ వార్తను ఇంగ్లండున కొన్నినెలలు మఱుగుపఱచిరి. ఐట్కెనును పదవినుండి తొలగించి కర్నలుహోదాకు దింపిరి. తూర్పు ఆఫ్రికా వ్యవహారము ఆ నవంబరునందే ఇండియా ఆఫీసునుండి యుద్ధశాఖకు మారెను. ఈ మార్పే, యాత్రను సిద్ధముచేసిన పద్ధతి తప్పని పైవారు తమలో తాము ఒప్పుకొనిరనుటకు చాలిన సాక్ష్యము. కాని పాళయంకోటవారిపై పడిన మచ్చను తుడుచుటకు ఎవ్వరును పూనుకొనలేదు. వేగుశాఖలో పనిచేసిన మైనెర్ట్‌జాగెన్ దినచర్యపుస్తకము వారిని మిక్కిలి హీనముగా చిత్రించినది. ఆ పుస్తకము పిమ్మట తిరుగవ్రాయబడినదని అనంతరకాలపు పరిశోధకులు అనుమానించుచున్నారు. దానిని ప్రమాణముగా గైకొనుట క్షేమము కాదు.

లెట్టో-ఫోర్బెక్ 1918 నవంబరు 25వ తేదీవఱకు లొంగలేదు. మద్రాసు పదాతిదళములు మాత్రము యుద్ధానంతరము 1920ల పునర్వ్యవస్థలో ఒకటొకటిగా రద్దుచేయబడెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనికుల కొఱత కలిగినప్పుడు మద్రాసు రెజిమెంటు మరల నేర్పడెను.