గ్రాస్‌హాపర్ లెక్క

రిమోట్‌తో నడిచే కారు కొనబోయేవాళ్లు మొదట అడిగేది ఎంత స్పీడు పోతుందని. మట్టిలో, గుంతల్లో ఎగిరిపడుతూ పరుగెత్తే బ్యాటరీ బగ్గీల చరిత్ర చూస్తే, తక్కువ డబ్బుతో కొనేవాళ్లకు అది రెండో ప్రశ్న కావాలి. ఈ నలభై అయిదేళ్లలో వేగం అంతకంతకూ చవకైపోయింది. ఆ వేగాన్ని తట్టుకునే గేర్లు, విరిగిన ముక్కను తెచ్చి మళ్లీ బిగించుకునే వీలు మాత్రం అంత తేలిగ్గా చవక కాలేదు. ఈ సంగతిని 1984లోనే పట్టుకున్న బండి ఒకటి ఉంది. దాని పేరు గ్రాస్‌హాపర్, చేసింది జపాన్‌లోని షిజువోకాకు చెందిన తమియా కంపెనీ.

1946లో కలప వ్యాపారంగా మొదలైన తమియా, 1951లో గోదాము కాలిపోయాక చెక్క నమూనాల వైపు, ఆ తర్వాత ప్లాస్టిక్ వైపు మళ్లింది. 1976లో పన్నెండో వంతు పరిమాణంలో పోర్షె 934 నమూనా చేసి, అదే బాడీ కింద మోటారు పెట్టి రిమోట్ కారుగానూ అమ్మింది. అచ్చుల మీద పెట్టిన డబ్బును రెండుసార్లు రాబట్టుకునే ఈ పొదుపు బుద్ధి ఈ బళ్లకు పుట్టుకతోనే వచ్చిందన్నమాట. అయితే ఆ పోర్షె నున్నటి నేల మీదే నడుస్తుంది. 1979లో ఫుమితో తాకి రూపకల్పనలో వచ్చిన రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్‌లు ఇసుకలోకి దిగాయి. వాటి సస్పెన్షన్ పోతపోసిన లోహంతో, అసలు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ పద్ధతిలో ఉండేది. రేడియో సామాను నీళ్లు చొరని పెట్టెలో ఉండేది. చూడముచ్చటైన పనితనమే గానీ, అన్ని లోహపు ముక్కలతో బండి చవకగా రాదు.

ఖర్చు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో బాగా ఆలోచించి చేసిన బండి గ్రాస్‌హాపర్. దీని ఛాసిస్ ఏబీఎస్ ప్లాస్టిక్‌తో పోసిన తొట్టె. బాల్ బేరింగుల బదులు మామూలు బుష్‌లు. వెనక ఇరుసు, గేరుపెట్టె, మోటారు మూడూ కలిసి ఒకే ముక్కగా ఊగుతాయి. నూనె నింపిన షాకులు లేవు, స్ప్రింగులే. వీటన్నిటికంటే పెద్ద నిర్ణయం మోటారు విషయంలో జరిగింది. అప్పటికే వాడుకలో ఉన్న 540 మోటారును కాదని, చిన్నదైన 380ని పెట్టారు. పైకి లోపంలా కనిపించే ఈ నిర్ణయమే బండికి ఆయుష్షు పోసింది. గేరు పళ్ల మీద భారం తగ్గింది, ఒక్క ఛార్జింగ్‌తో ఎక్కువసేపు ఆడుకోవడం కుదిరింది. అదే ఏడాది అదే తొట్టె మీద 540 మోటారు, వెనక నూనె షాకులు, పల్చటి పాలికార్బొనేట్ బాడీతో హార్నెట్ వచ్చింది. కాబట్టి గ్రాస్‌హాపర్ కొన్న కుర్రవాడు బండి మార్చనక్కర్లేదు: డబ్బు చేతికొచ్చినప్పుడల్లా ముందు బేరింగులు, తర్వాత 540 మోటారు, ఆపైన మంచి షాకులు ఒక్కొక్కటే వేసుకోవచ్చు.

పందెంలో ఇది నిలిచిందా అని అడిగితే, లేదనే చెప్పాలి. ఆ సంవత్సరమే అమెరికాలో అసోసియేటెడ్ కంపెనీ ఆర్‌సీ10ని తెచ్చింది. అల్యూమినియం తొట్టె, నాలుగు చక్రాలకూ వేర్వేరు సస్పెన్షన్, పొడవాటి నూనె షాకులు. గతుకుల్లో గ్రాస్‌హాపర్ వెనక భాగం కుప్పిగంతులు వేస్తుంటే ఆర్‌సీ10 నేలను వదలకుండా పోయేది. పందేలకు దిగేవాళ్లకు అదే సరైన బండి, అందులో వాదన లేదు. కానీ అదీ తరతరాల ఆర్‌సీ10 మోడళ్లుగా సాగింది, భాగాలు మార్చుకుంటూ మెరుగుపరుచుకునే వీలుతోనే అభిమానుల దగ్గర నిలబడింది. ఖరీదైన బండికి ఆ గుణం అదనపు సౌకర్యమైతే, చవక బండికి అదే ప్రాణం. తమియా గ్రాస్‌హాపర్‌ను 2005లో మళ్లీ విడుదల చేసింది. పాత జ్ఞాపకాల మీద మమకారంతోనే కొంటున్నారని కొందరంటారు. అందులో కొంత నిజముంది. అయినా ఆ మమకారం పెరగడానికి బండి అన్నేళ్లు చేతిలో నడవాలి కదా.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది: కాలం మారింది, నలభై ఏళ్ల నాటి లెక్క ఇప్పుడెందుకు? నిజంగానే మారింది. అప్పటి బళ్లలో సర్వో అనే చిన్న మోటారు తిప్పే మీట వేగాన్ని మెట్లు మెట్లుగా మార్చేది, మిగులు కరెంటు రెసిస్టర్‌లో వేడిగా పోయేది. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు, బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు, ఒకరి సిగ్నల్ ఒకరికి అడ్డురాని 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాయి. చైనా నుంచి వచ్చే డబ్ల్యూఎల్ టాయ్స్ 144001 లాంటి చిన్న బండి కూడా గంటకు 60 కిలోమీటర్లు పోతుందని చెప్పుకుంటోంది. అయితే వేగం రెండింతలైతే గోడకు కొట్టుకున్నప్పుడు బండి తినే దెబ్బ నాలుగింతలవుతుంది. ఆ దెబ్బ పడేది ముందు చక్రం చేతి మీద, డిఫరెన్షియల్ మీద, గేరు పళ్ల మీద. బ్యాటరీదీ అదే కథ: పాత నికెల్ కాడ్మియం ఎంత మోటుగా వాడినా చాలావరకు ఓర్చుకునేది, లిథియం మరీ అడుగంటేదాకా వాడితే పాడైపోతుంది. అంటే వేగం పెరిగిన కొద్దీ విడిభాగాల అవసరం పెరిగిందే గానీ తగ్గలేదు. 144001కి పేరొచ్చింది వేగం ఒక్కదానివల్లే కాదు. దాని భాగాలు విడిగా విరివిగా దొరకడం, అదే కుటుంబంలో బ్రష్‌లెస్ మోటారుతో 144010 ఉండటం కూడా కారణాలు. గ్రాస్‌హాపర్, హార్నెట్‌ల వరసే ఇది.

మన దగ్గర కొనేవాళ్లకు ఈ లెక్క ఇంకా గట్టిగా వర్తిస్తుంది. భారత ప్రభుత్వం బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచింది. విడిభాగాలు దొరకని బండి విరిగితే, ఈ పన్నుతో రెండో బండి కొనాల్సి వస్తుంది. అందుకని కొనేముందు ఆ మోడల్ పేరుతో ముందు చక్రం చెయ్యి, డిఫరెన్షియల్, గేర్లు విడిగా ఇక్కడ అమ్ముతున్నారేమో వెతకండి. దొరక్కపోతే, పెట్టె మీద ఎంత వేగం రాసి ఉన్నా ఆ బండి కొనకండి.