అడిగి తెలిసికొనుట, వెదకి తెలిసికొనుట

1998వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన కాలిఫోర్నియాలో గూగుల్ ఒక కంపెనీగా నమోదైనది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ వంటి సామాజిక మాధ్యమములు దాని సెర్చ్ ఇంజన్‌కు సాటి రాగలవా అను ప్రశ్న తరచు ముందునకు వచ్చుచుండును. ప్రశ్న నిన్నమొన్నటిదిగా తోచును గాని, దాని మూలము మిక్కిలి ప్రాచీనమైనది. తెలియని సంగతి తెలిసికొనుటకు మానవునకు మొదటినుండియు రెండు త్రోవలు కలవు: ఎరిగినవారిని అడుగుట యొకటి, పట్టికలో వెదకుట మరియొకటి.

మొదటి త్రోవకు చరిత్ర వ్రాయుట దుస్సాధ్యము. అరుగులమీదను, సంతలలోను జరిగిన సంభాషణలకు దస్తావేజులు మిగులవు. రెండవదానికి అక్కడక్కడ గురుతులున్నవి. క్రీ.పూ. 3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా గ్రంథాలయమునకు కాలిమాకస్ అను కవి 120 చుట్టల గ్రంథసూచిని కూర్చెను. మన అమరసింహుడు పదములను అకారాది క్రమమున గాక వర్గములుగా పేర్చి, పట్టికనే కంఠస్థము చేయదగిన కావ్యముగా మలచెను. పిమ్మట శతాబ్దములు గడచినవి. రెండు త్రోవలును కలిసిన చోటొకటి మనకు సమీపముననే కలదు. కల్నల్ కాలిన్ మెకంజీ కొరకు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు గ్రామగ్రామమున పెద్దలను, కరణములను అడిగి కైఫీయతులను, శాసనప్రతులను సేకరించిరి. 1821లో మెకంజీ గతించిన పిమ్మట ఆ మహారాశిలో ఏది యెక్కడ నున్నదో తెలియుటకు హెచ్.హెచ్. విల్సన్ 1828లో దానికి కేటలాగు ప్రకటింపవలసి వచ్చినది.

ఈ చరిత్రలో నా మనస్సును ఎల్లప్పుడును ఆకర్షించు ఘట్టము బ్రస్సెల్స్ నగరమునది. 1895లో పాల్ ఓట్లే, ఆన్రీ లాఫోంతేన్ అను ఇరువురు న్యాయవాదులు, లోకమున ఏ భాషలోనైనను ఏ విషయముపైనైనను అచ్చైన ప్రతి గ్రంథమునకు, ప్రతి వ్యాసమునకు ఒక్కొక్క చీటీ వ్రాసి, ఆ చీటీలన్నిటిని ఒక్కచోట చేర్చవలెనని సంకల్పించిరి. చీటీ పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, వెడల్పు ఏడున్నర. చేతితో వ్రాసిన ఆ చీటీలు చెక్క సొరుగులలో వరుసకట్టినవి. ఆ సంవత్సరాంతమునకే వాని సంఖ్య నాలుగు లక్షలు. తరువాతి దశాబ్దములలో అది కోటి దాటిపోయినది. లాఫోంతేన్ గారికి 1913లో నోబెల్ శాంతి బహుమతి లభించినది. లోకులందరు ఒకే జ్ఞానభాండారమును పంచుకొన్నచో యుద్ధములు తగ్గునని వా రిరువురును మనసారా నమ్మిరి.

చీటీలు పోగుచేయుట సులభమే. కావలసినదానిని బయటికి తీయుటయే కష్టము. అందులకై వారు అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణను, ఆయన యనుమతితో విస్తరించిరి. అందులో 61 వైద్యము, 336 ప్రభుత్వముల ఆదాయవ్యయములు. దేశము పేరు కుండలీకరణములలో అంకెగా చేరును. రెండు విషయములకు గల సంబంధమును నడుమ నుంచిన రెండు చుక్కలు తెలుపును. ఎంత చిక్కుప్రశ్నయైనను కొన్ని అంకెల వరుసగా మారిపోవును, గుమాస్తా ఆ వరుసను పట్టుకొని సొరుగును చేరును.

1896 నుండి ఎవరైనను జాబు వ్రాసి, రుసుము చెల్లించి ప్రశ్న అడుగవచ్చును. తగిన చీటీల నకళ్లు టపాలో వచ్చును. 1912 నాటికి ఏడాదికి 1,500 పైచిలుకు ప్రశ్నలకు సమాధానములు వెళ్లుచుండెను. ఒకరు బూమరాంగును గూర్చి అడిగిరి, మరియొకరు బల్గేరియా ఆర్థికస్థితిని గూర్చి. జవాబు 50 చీటీలు దాటునట్లున్నచో, ప్రశ్నను కుదించుకొనుటకు వీలుగా ముందే హెచ్చరించెడివారు! అడిగినవా డెవడు, ఏ కులమువాడు, ఎవరి సిఫార్సుతో వచ్చినాడు అను విచారణ అచట లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు మన పెద్దలు. ఊరిలో ఎవరును పరిచయము లేనివానికి ఆ సామెత అక్కరకు రాదు. అట్టి అపరిచితునకు తలుపు తెరచి యుంచినది బ్రస్సెల్స్ సొరుగు.

1934లో ఓట్లే తన బృహద్గ్రంథమున, పుస్తకము దూరముననే యుండగా అందలి పుట టెలిఫోను ద్వారమున బల్లమీది తెరపై కనుపించు కాలమును ఊహించెను. ఆ సంవత్సరమే బెల్జియం ప్రభుత్వము ఆ చీటీల సంస్థను మూయించినది. 1940లో జర్మన్ సైన్యము తమ చిత్రకళా ప్రదర్శనకు చోటు చేయుటకై దానిని ఖాళీ చేయించినది. ఎంతో సామగ్రి ధ్వంసమైనది. 1944లో ఓట్లే కన్నుమూసెను. మిగిలిన చీటీలు నేడు మోన్స్ పట్టణములోని మ్యూజియములో నున్నవి. ఆ మ్యూజియము తెరచినది 1998లో, గూగుల్ పుట్టిన యేటనే.

ఇక ఆధునిక కాలమునకు వచ్చినచో కథ ఇంత తిన్నగా సాగదు. 1994లో యాహూ స్థాపకులు వెబ్‌సైట్లను మనుష్యులచేతనే వర్గీకరింపజేసిరి. గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గే బ్రిన్ మరియొక మార్గము త్రొక్కిరి: ఒక పేజీ మరియొక పేజీకి లింకు నిచ్చుట సిఫార్సుతో సమానమని భావించి, విలువగల పేజీ చేసిన సిఫార్సునకు ఎక్కువ విలువ కట్టిరి. కాబట్టి సెర్చ్ ఇంజన్ సామాజిక సంబంధములకు శత్రువు కాదు. అది లోకుల పరస్పర సిఫార్సులపై కట్టిన మేడయే. ఫేస్‌బుక్ 2004లో వచ్చినది. గూగుల్ 2010లో, ప్రశ్నను మిత్రుల మిత్రులకు చేరవేయు ఆర్డ్‌వార్క్ అను సంస్థను కొని, మరుసటి యేడే మూసివేసినది. 2011లో ప్రారంభించిన గూగుల్ ప్లస్ అను సామాజిక మాధ్యమము 2019లో సామాన్యులకు మూతపడినది. 2013లో ఫేస్‌బుక్ గ్రాఫ్ సెర్చ్ అను వెదకు సాధనమును ప్రకటించినది, అదియు నిలువలేదు. ఒకరి విద్య మరియొకరికి అబ్బలేదు.

అయినను 2022లో గూగుల్ ఉన్నతాధికారి ప్రభాకర్ రాఘవన్, భోజనమునకు చోటు వెదకు యువజనులలో దాదాపు 40 శాతము మంది టిక్‌టాక్‌నకో ఇన్‌స్టాగ్రామ్‌నకో పోవుచున్నారని బహిరంగముగా చెప్పెను. టిక్‌టాక్‌ను 2020లోనే నిషేధించిన మన దేశమున ఆ స్థానము ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌ది. రుచి, వేషము, ప్రయాణము వంటివానిలో మనుష్యుని మాటకే జనులు మ్రొగ్గుదురు; అది సహజమే. నా యాందోళన వేరొకటి. జనులు తమ మాటలను, సిఫార్సులను మూసిన గదులలోనికి కొనిపోయినకొలది, వానిని చదివి బ్రతుకు సెర్చ్ ఇంజన్‌కు మేత కరవగును. సామాజిక మాధ్యమములు దానిని ఓడింపనక్కరలేదు, ఎండబెట్టగలవు. 2024లో గూగుల్, రెడిట్‌లోని సామాన్యుల సంభాషణల కొరకు ఆ సంస్థతో ధర కుదుర్చుకొనుట ఈ కరవునకు గురుతు.

తెలుగువారి సంభాషణ అధికముగా సాగునది అట్టి గదులలోనే. 2021లో గుంటూరు, ఖమ్మం మిరపతోటలపై నల్ల తామరపురుగు విరుచుకుపడినప్పుడు, ఏ మందు పనిచేసినది, ఏది వృథాయైనది, ఎన్ని నీలిరంగు జిగురు అట్టలు కట్టిరి అను సంగతులను రైతులు వాట్సాప్ గ్రూపులలో ఫొటోలుగా, వాయిస్ మెసేజీలుగా ఒకరి కొకరు పంపుకొనిరి. ఏ ప్రయోగశాలకును తీసిపోని అనుభవ మది. ఈ యేడు తొలిసారి మిరప వేసి, పూతలో పురుగును చూచి, ఫోనులో దాని పేరు టైపు చేయు కౌలురైతునకు అం దొక్క మాటయు కనబడదు. కనబడవలెనన్న, ఆ గ్రూపు అడ్మిన్ నంబరు అతనికి ముందే తెలిసియుండవలెను.