చెరువుగట్టు కింద టాకీసు

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు బడి చరిత్ర రాయమని కార్యదర్శిగారు అడిగారు. బడి చరిత్ర హెడ్మాస్టర్ల పట్టికలో ఎలాగూ ఉంటుంది. నేను బడికి రెండు ఫర్లాంగుల దూరంలో, చెరువుగట్టు కింద ఉండిన టూరింగ్ టాకీసు గురించి రాస్తాను. మా రోజుల్లో అక్కడ హాజరు పడని విద్యార్థి లేడు.

డేరా సినిమా తెలుగువాళ్లకు కొత్తేం కాదు. రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతంలోనే యంత్రం వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగి బొమ్మలు చూపించారు. 1921లో బెజవాడకు మారుతి హాలు వచ్చింది. మా కృష్ణాజిల్లా పల్లెలకు మాత్రం చాలాకాలం సినిమా అంటే డేరాయే. లైసెన్సుకు గడువుండేది. అది తీరితే డేరా ఎత్తి పక్క ఊరు పోవాల్సిందే. మళ్లీ కొన్నాళ్లకు వచ్చేది. ఆ మధ్యకాలంలోనే మాకు మంచి మార్కులు వచ్చేవని మా లెక్కల మాస్టారు అనేవారు.

ఫిలిం పెట్టెలు బెజవాడ గాంధీనగరం నుంచి బస్సు టాపు మీద వచ్చేవి. సాయంత్రం మైకులో ఘంటసాలగారి ‘నమో వెంకటేశా’ రికార్డు మొదలైందంటే టికెట్లు ఇస్తున్నారని గుర్తు. పొలంలో ఉన్నవాళ్లు గబగబా కాళ్లు కడుక్కునేవాళ్లు. నేల పావలా. ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య తడిక. నేలంతా ఇసుక. పిల్లలం ఇసుక కుప్ప పోసుకుని ఎత్తుగా కూర్చుంటే, వెనకాయన కాలితో దాన్ని చదును చేసేవాడు. సగం తగాదాలు అక్కడివే.

ప్రొజెక్టరు ఒక్కటే. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. రెండేసి కలిపి చుట్టినా ఇరవై రెండు నిమిషాలకోసారి ఆట ఆగి దీపాలు వెలిగేవి. ఇప్పటివాళ్లు విసుక్కుంటారేమో గానీ, మాకు అసలు సినిమా ఆ విరామాల్లోనే. అంతకుముందు చూసినవాళ్లు జరగబోయే కథ చెప్పేసేవాళ్లు. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. మా డేరాకు అది ఎన్నిసార్లు వచ్చిందో! రంగారావుగారు లడ్డూలు తినే ఘట్టం ముందు రీలు మారుతుంటే మా నాయనమ్మ తడిక అవతలి నుంచి, “ఒరే, నిద్దరపోయారా? లేవండి, ఇప్పుడే తింటాడు!” అని కేకేసేది.

వెలుగు కోసం రెండు కార్బన్ కడ్డీలు మండాలి. అవి అరిగేకొద్దీ చేత్తో దగ్గరికి జరుపుతుండాలి. ఏమరితే తెర మసకబారేది, వెంటనే ఈలలు పడేవి. ఆ కడ్డీలు జరిపేవాడు మా తరగతివాడే. ఇంట్లో జరుగుబాటు లేక ఎనిమిదిలో బడి మానేసి ఆపరేటరు దగ్గర చేరాడు. రీళ్లు చుట్టడం, పెట్టెలు మోయడం వాడి పని. పావలా లేని రాత్రి నాకోసం వెనక గుడ్డ ఎత్తిపట్టేవాడు.

1974 వేసవిలో ఒక రాత్రి యజమాని చూశాడు. నేను చీకట్లో పరుగెత్తాను. వాడు దొరికాడు. లోపలికి వచ్చిందెవరని అడిగితే చెప్పలేదట. వారం కూలి కోసేశారు. ఆ సంగతి నాకు మర్నాడే తెలిసింది. వెళ్లి ఒప్పుకోవాలనుకున్నాను, వెళ్లలేదు. పైగా మరుసటి వారం నుంచి పావలా పెట్టి, వాడి కంటపడకుండా ముందు వరసలో కూర్చున్నాను.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచిన రాత్రి, మా ఊళ్లో గాలికి డేరా, గుంజలు, తడిక అన్నీ పోయాయి. ప్రొజెక్టరును వాడూ ఆపరేటరూ ముందే ఎడ్లబండి మీద గుడి మండపానికి చేర్చారట. తర్వాత బజార్లో పక్కా హాలు కట్టారు. అందులో రెండు ప్రొజెక్టర్లు. రీలు మారేది తెలిసేది కాదు. జనం పక్కవాళ్లతో మాట్లాడటం తగ్గింది.

మొన్న సంక్రాంతికి వాణ్ణి కలిశాను. కోసిన కూలి సంగతి ఎత్తబోతే, “ఇంకా గుర్తుందట్రా నీకు?” అని నవ్వాడు. “బడి పండగకు నేనూ రావచ్చా? నాకు సర్టిఫికెట్టు లేదుగా” అన్నాడు.

కార్యదర్శిగారి దగ్గరికి వెళ్లి సభ్యుల పట్టికలో వాడి పేరు చేర్పించాను. పదో తరగతి సంవత్సరం గడిలో ఏం రాయమంటారని ఆయన అడిగారు. ‘ఎనిమిదో తరగతి, బి సెక్షన్’ అని రాయించాను.